సేవాసంఘములు – అభివృద్ధి నిధులు

మేలు చేయదలచిన సంఘమునకు ధనము కావలెను. ప్రభుత్వము వద్ద ధనమున్నను, దానిని మారుమూల ఇంటి గడపవరకు చేర్చు మనుషులు తరచుగ కొరవడుచుందురు. ఈ రెండు అవసరములును ఎక్కడ, ఏ రీతిగ కలసికొనగలవన్నది నేటి మా ప్రసంగ విషయము. తెనాలికి సమీపమున, కృష్ణ కుడిగట్టు ననుసరించి యున్న కొల్లిపర ప్రాంతమును దృష్టియందుంచుకొని దీనిని విచారింతము.

ఈ సంబంధము నేటిది కాదు. రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ప్రణాళికాసంఘ సభ్యురాలుగ నున్న కాలమున, మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంఘముల సహాయమునకై 4 కోట్ల రూపాయలు ప్రత్యేకింపబడినవి. ఆ ధనమును పంచుటకు 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా ఆమెయే దానికి అధ్యక్షురాలైనది. నాటి సహాయము బాలవాడికి, కుట్టుపని కేంద్రమునకు, అనాథ శరణాలయమునకు. గ్రామముయొక్క ఆదాయమును పెంచు పనులలో సంఘములకు చోటు దొరకుట తరువాతి మాట. 1986లో స్థాపింపబడిన కపార్ట్ సంస్థ గ్రామీణాభివృద్ధి పనులకు నేరుగ సంఘములకే గ్రాంటులిచ్చినది. 2020లో అదియు హైదరాబాదులోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో విలీనమైపోయినది. ఒక ద్వారము మూయబడును, వేరొకటి తెరువబడును. ఒక్క ద్వారమునే నమ్ముకొని కూర్చున్న సంఘములు ఆ ద్వారముతోనే మూతబడినవి.

తాము చేసి చూపిన పనివెంట నిధులను నడిపించుకొన్న సంఘములును లేకపోలేదు. 1992లో నాబార్డు 500 పొదుపు సంఘములను బ్యాంకులతో జతపరచు ప్రయోగమును చేపట్టెను. అందులకు ధైర్యమెట్లు వచ్చినది? పూచీకత్తు లేని పేదస్త్రీలు అప్పు తీర్చగలరని అంతకు పూర్వమే కొన్ని స్వచ్ఛంద సంస్థలు ఊళ్లలో ఋజువు చేసియుండెను. మన రాష్ట్రమున నేడు ఇంటింటను కనిపించు పొదుపు సంఘమునకు మూలములలో అదియొకటి.

ఇక కొల్లిపర సంగతి. వల్లభాపురము, మున్నంగి మొదలగు ఏటి యొడ్డు గ్రామములలో పసుపు, అరటి, కంద ప్రధానమైన పంటలు. పసుపు త్రవ్వినంతమాత్రమున రైతు పని తీరదు. ఉడికించవలెను, కళ్లములో రెండు వారములు ఎండనీయవలెను, పాలిషు పట్టించవలెను. పచ్చిపసుపు ఎండునప్పటికి సుమారు అయిదవవంతు మాత్రమే మిగులును. అంతట కొమ్ము వేరు, కాయ వేరు చేసి దుగ్గిరాల యార్డుకు తోలుకొనిపోవలెను. బాయిలరు అద్దె, కూలి, కట్టెలు, బండి కిరాయి అన్నియు ముందుగనే చేతినుండి పోవును. ధర లేదని నిలువ ఉంచుకొందమన్నచో అప్పులవాడు ఆగడు.

వీరిలో ఎక్కువమంది కౌలుదారులు. అసలు చిక్కు ఇచటనే ఉన్నది. పథకములలో చాలభాగము పట్టాదారు పుస్తకమును చూచి పలుకరించును; కౌలురైతు పేరు ఆ పుస్తకములో ఉండదు. 2011లో ఋణార్హత కార్డులకై ఒక చట్టము వచ్చినది. 2019లో పంటసాగుదారుల హక్కుల చట్టము వచ్చినది. దీనిక్రింద కార్డు పొందుటకు భూయజమాని సంతకము అవసరము. సంతకము చేసినచో పొలము చేజారునేమోయని యజమాని భయము. అడిగినచో వచ్చే ఏడు కౌలే ఉండదేమోయని రైతు భయము.

ఈ చిక్కునుండి కొంతవరకు తప్పించు మార్గమొకటి కంపెనీల చట్టమునందే కలదు. ఉత్పత్తిదారుల కంపెనీయను పద్ధతి అందులో చేరి రెండు దశాబ్దములు దాటినది. పదిమంది ఉత్పత్తిదారులు కలసి దీనిని స్థాపింపవచ్చును. ఉత్పత్తిదారుడనగా పంటను పండించువాడు. భూమి యెవ్వరి పేరనున్నదో చట్టము అడుగదు. ఎన్ని వాటాలున్నను వ్యక్తిగా చేరిన సభ్యునికి ఒకటే ఓటు. కావున ఇరువది ఎకరముల ఆసామియు, ఎకరము కౌలుకు చేయువాడును అచట సమానులే. ఈ సంగతి కౌలురైతులకు చెప్పువారే కరవైనారు! సేవాసంఘము చేయదగిన మొదటి పని ఇదియేయని మా అభిప్రాయము.

2020లో కేంద్రప్రభుత్వము పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘములను నెలకొల్పు పథకమును ప్రారంభించినది. మైదాన ప్రాంతమున కనీసము 300 మంది సభ్యులుండవలెను. సభ్యుడు వాటాధనము చెల్లించినచో అంతే మొత్తము, సభ్యునికి 2,000 రూపాయలకు మించకుండ, ప్రభుత్వము జోడించును. ఒక సంఘమునకు గరిష్ఠము 15 లక్షలు. లెక్కకు 300 మంది తలకు రెండువేలు వేసికొన్నచో 6 లక్షలు, ప్రభుత్వపు వాటా 6 లక్షలు. పూర్తిగ 15 లక్షలు రావలెనన్నచో 750 మంది కావలెను. ఇదిగాక కార్యాలయ వ్యయమునకు మూడేండ్లలో 18 లక్షలవరకు. పదివేల లక్ష్యము 2025 ఫిబ్రవరిలో పూర్తియైనది. ఆ పదివేలలో చేరిన సంఘములకు ఇపుడు కావలసినది మూడేండ్లు గడచిన పిమ్మట గుమాస్తా జీతమును వ్యాపారలాభమునుండి చెల్లించుకొను శక్తి.

ఆ నిధులలో సేవాసంఘపు చేతికి వచ్చునది స్వల్పము. సంఘములను నిర్మించు బాధ్యత అనుభవముగల పెద్ద సంస్థల కప్పగింపబడినది. వాటాధనము రైతుల కంపెనీకే పోవును. దీనిని చూచి కొందరు నిరుత్సాహపడుదురు. మరికొందరు కంపెనీని స్థాపించియు పెత్తనమును వదలరు. కూతురు కాపురమునకు పోయినను పెట్టె తాళపుచెవి తల్లికొంగున నుండినట్లు. పసుపు తూకము నెరిగిన రైతులు లెక్కల పుస్తకమును చదువ నేర్చుకొనుటకు ఒకటి రెండేండ్లు పట్టును. ఆ ఓపిక కొనిపెట్టు గ్రాంటు ఎచటను లేదు.

పెద్ద కంపెనీల సామాజిక బాధ్యత నిధులు మరియొక ద్వారము. 2013 నాటి చట్టముచే నిర్ణీత స్థాయిని మించిన కంపెనీలు తమ సగటు లాభములో నూటికి రెండు వంతులు ఇట్టి పనులకు వెచ్చింపవలెను. 2021నుండి ఆ ధనమును స్వీకరించి పని చేయగోరు సంఘమునకు కంపెనీ వ్యవహారముల శాఖలో నమోదు, ఆదాయపుపన్ను శాఖ గుర్తింపు, మూడేండ్ల పని చరిత్ర అవసరమైనవి. కంపెనీ తన కర్మాగారమున్న చోటికి ప్రాధాన్యమిచ్చును గనుక పచ్చని పొలములు తప్ప పొగగొట్టములు లేని ఊళ్లకు ఇది అరుదుగనే చేరును.

గ్రామపంచాయతి ప్రణాళికను మాత్రము ఉపేక్షింపరాదు. 2021–26 మధ్య పదునైదవ ఆర్థిక సంఘపు నిధులలో నూటికి 60 వంతులు నీటికి, పారిశుద్ధ్యమునకు కేటాయింపబడగా, 40 వంతులు ఊరి ఇష్టానుసారము ఖర్చు చేయదగినవి. ప్రణాళికలో వ్రాయబడని పనికి పైసా రాదు. పసుపు ఆరబోయు సిమెంటు కళ్లమైనను, పొలములకు పోవు డొంకరోడ్డైనను, గ్రామసభ జరుగునాడు పదిమందిని వెంటబెట్టుకొనిపోయి వ్రాయించవలెను. ఆ తేదీని కనుగొనుటయే కొన్ని ఊళ్లలో కష్టము!

2024 సెప్టెంబరులో ప్రకాశము బారేజి వద్ద వరద 11 లక్షల క్యూసెక్కులు మించినపుడు దిగువ లంకపొలములు మునిగినవి. అట్టి సమయమున పంటనష్ట పరిహారమునకు చూడబడునది ఈ-పంట నమోదు. అందులో సాగుచేయువాని పేరున్నచో పరిహారము అతనికి. యజమాని పేరే ఉన్నచో పొలము ముఖమెరుగని యజమానికి. పులిహోర పొట్లములతో పడవలెక్కి వచ్చు సంఘములకు కొదువ లేదు, అదియు కావలసినదే. ఖరీఫు నాట్లు పూర్తియైన పిమ్మట రైతు సేవా కేంద్రమునకు కౌలురైతులను తోడ్కొనిపోయి, ఆ నమోదులో ఎవరి పేరు పడినదో ఒక్కొక్కటిగ సరిచూచు సంఘము ప్రతి ఊరికి ఒక్కటైన నుండవలెను. అందులకు ఏ నిధియు అక్కరలేదు. ఒక సైకిలు, ఒక పుస్తకము చాలును.