హాస్టల్లో అమ్మాయికి ఒంట్లో బాగోకపోతే...

సూరత్‌లోని గోడాదరాకు బదిలీ మీద వచ్చినప్పుడు ఇక్కడ కౌంటర్ దగ్గర తెలుగు వినిపిస్తుందనుకోలేదు. తీరా చూస్తే ఖాతాదారుల్లో చాలామంది మరమగ్గాల మీద పనిచేసే మనవాళ్లే. తల్లిదండ్రులు ఇక్కడ, కొందరి పిల్లలు ఊళ్లో హాస్టళ్లలో.

ఒకరోజు ఒక నేతన్న డిపాజిట్ రద్దు చేయమంటూ వచ్చాడు. కూతురు తొమ్మిదో తరగతి, హాస్టల్లో ఉంటుంది.

“ప్రార్థనల సోయి తప్పి పడ్డది సార్. రక్తం ఏడు గ్రాములే ఉన్నదట. రెండు నెలల సంది తల తిరుగుతున్నదట. ముందే ఎందుకు చెప్పలేదు బిడ్డా అంటే, ఎవ్వలికి చెప్పాలె బాపూ అన్నది.”

డిపాజిట్ రద్దు చేయకుండా దాని మీదే అప్పు ఇప్పించి పంపాను. కానీ ఆ పిల్ల ప్రశ్న నన్ను వదల్లేదు. మా అమ్మాయీ హాస్టల్లోనే చదువుతోంది. ఆడపిల్లల బడుల్లో వైద్యం ఎలా వచ్చిందో చదవడం మొదలుపెట్టాను. ఆ చరిత్ర కూడా ఆ ప్రశ్నతోనే మొదలైంది.

మగ వైద్యుడికి ఒంట్లో బాధ చెప్పుకోవడానికి ఆడవాళ్లు ఒప్పుకోని రోజుల్లో, 1883లో, డాక్టర్ అన్నా కుగ్లర్ అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. 1898 నాటికి అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి వెలిసింది. మందు కన్నా ముందు, చెప్పుకోవడానికి ఒక మనిషి దొరికింది.

రెండో అడుగు మాకు దగ్గర్లోనే పడింది. 1909లో బరోడాలో, దేశంలోనే మొదటిసారిగా, బడి పిల్లలకు వైద్య పరీక్షలు చేశారు. జబ్బు పడేదాకా ఆగకుండా ముందే చూడటమన్నమాట. అయినా ఆ పద్ధతి అంతటా పాకలేదు. బడుల్లో వైద్యసేవలు దేశంలో దాదాపు లేనట్టేనని 1946లో భోర్ కమిటీ తేల్చింది.

తర్వాత 1971లో సర్వేల్‌తో గురుకులాలు, 2004లో ఆడపిల్లల కోసం కస్తూర్బా విద్యాలయాలు వచ్చాయి. మన రెండు రాష్ట్రాల కస్తూర్బాల్లో ఏఎన్‌ఎంలను పెట్టారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ప్రభుత్వ బడులకే వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాయి. వారానికో ఐరన్ మాత్ర, ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర ఇస్తారు.

వీటి అవసరం ఎంతో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. నెలసరిలో రక్తం పోవడం, తిండిలో ఇనుము చాలకపోవడం, కడుపులో కొంకిపురుగులు ముఖ్య కారణాలు. నీరసం, ఆయాసం, తల తిరగడం కనిపిస్తే చదువు అలసట అని సరిపెట్టుకోకూడదు. ఐరన్ మాత్ర తిన్న తర్వాత వేసుకోవాలి, టీతో మాత్రం వద్దు.

ఖాతా తెరవాలంటే మనం కేవైసీ అడుగుతాం. పిల్లను హాస్టల్లో చేర్చేటప్పుడు మనమూ నాలుగు అడగాలి. రాత్రిపూట నర్సు ఉంటుందా? హిమోగ్లోబిన్ ఎన్నాళ్లకోసారి చూస్తారు? దగ్గరి ఆసుపత్రి ఏది? పిల్లకు ఒంట్లో బాగోకపోతే మనకు ఫోన్ చేసేదెవరు? టీకాలు, పడని మందుల వివరాలు రాసివ్వాలి. అన్నిటికన్నా ముందు, ఒంట్లో బాగోకపోతే ఎవరికి చెప్పాలో ఆ మనిషిని పిల్లకు మనమే చూపించి రావాలి.

ఆ నేతన్న మొన్న అప్పు తీర్చడానికి వచ్చాడు. పిల్లకు రక్తం పదకొండుకు వచ్చిందట. ఇప్పుడు ఫోన్లో మార్కుల సంగతి తర్వాతే అడుగుతున్నాడట. నేనూ అంతే.