నాటు గుడ్ల తరుగు తగ్గాలంటే గుడ్ల అరలు అవసరం

ఫారం గుడ్లకు 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ప్రాంతాలవారీగా నూటికి ఇంత అని ధర ప్రకటిస్తుంది. పెరటి కోళ్ళ నాటు గుడ్లకు అటువంటి ప్రకటిత ధర లేదు. వారపు సంతలో గంపను చూసి, నాలుగు గుడ్లు చేతిలోకి తీసుకొని బేరం కుదుర్చుకోవలసిందే. ఫారం గుడ్డుకంటె నాటు గుడ్డు ఎక్కువ ధర పలికే మాట నిజమే. కాని మురుగు, మరకలు, పగుళ్ళు కూడా ఈ సరుకులోనే ఎక్కువ. ఆ లోటంతా కొన్న వర్తకుని లెక్కలో తరుగుగా తేలుతుంది.

ఉదాహరణకు నూరు గుడ్లను ఒక్కొక్కటి 10 రూపాయల చొప్పున కొని, అందులో 8 పనికిరాకుండా పోయాయనుకుంటే, మిగిలిన 92 గుడ్ల అసలు ఒక్కొక్కటి 10 రూపాయల 87 పైసలకు చేరుతుంది. కిరాయి, కూలి దీనికి అదనం. గుడ్డుకు అర్ధరూపాయి కోసం గట్టిగా బేరమాడే వర్తకుడు ఈ 87 పైసలు ఎక్కడ పోతున్నాయో కూడా విచారించడం అవసరం.

రవాణాలో పగిలేవి కొన్ని ఉన్నా, మురుగు, మరక మాత్రం గుడ్డు సంతకు రాకముందే మొదలవుతాయి. తొలిసారి గుడ్డుకు వచ్చిన పెట్ట చీకటిగా, మరుగుగా ఉన్న చోటు వెదుక్కుంటుంది. గడ్డివాములోనో, కట్టెల మోపు చాటునో, గోడవారనో గుడ్డు పెడుతుంది. ఒకసారి అలవాటైన చోటును సులభంగా వదలదు. గుడ్లు కనిపించిన చోటికే తోటి పెట్టలు కూడా చేరతాయి. ఇంటివారి కంట పడేసరికి అక్కడ పది గుడ్లు పోగై ఉండవచ్చు. వాటిలో నిన్నటిది ఏదో, వారం కిందటిది ఏదో ఎవరూ చెప్పలేరు. అన్నీ ఒకే గంపలో సంతకు వస్తాయి.

పుంజుతో కలిసి తిరిగే పెట్టల గుడ్లు కావడంతో వేసవి వేడికి లోపల పిండం పెరగడం ఆరంభం కావచ్చు. తడి నేలపై, రెట్టలో పడిన గుడ్డులోకి పెంకులోని సన్నని రంధ్రాల గుండా క్రిములు చేరతాయి. మురికి పోవాలని నీళ్ళతో కడిగితే పెంకుపై ఉండే సహజమైన పూత పోయి గుడ్డు మరింత త్వరగా చెడుతుంది.

అగ్‌మార్క్ నిబంధనల ప్రకారం ‘ఎ’ తరగతి గుడ్డు పెంకు శుభ్రంగా, పగుళ్ళు లేకుండా ఉండాలి. దీపం ముందు పెట్టి చూసినప్పుడు లోపలి గాలి గది లోతు 4 మిల్లీమీటర్లకు మించరాదు. ‘బి’ తరగతికి 8 మిల్లీమీటర్ల వరకు అనుమతి ఉంది. గుడ్డు నిలవ అయ్యే కొద్దీ ఈ గది పెరుగుతుంది. కొత్త పెట్టల తొలి గుడ్లు చిన్నవిగా ఉండడం సహజం. పరిమాణం తక్కువైనంత మాత్రాన అది చెడిన సరుకు కాదు.

నాటు పెట్ట సాధారణంగా ఆరేడు నెలల వయసులో గుడ్డుకు వస్తుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకానికి రూపొందించిన గ్రామప్రియ రకం దాదాపు ఐదున్నర నెలలకే మొదలుపెడుతుంది. జుట్టు ఎర్రబారడం, మూలమూలలా తిరిగి చూడడం, వీపుపై చేయి వేస్తే నేలకు అణిగి కూర్చోవడం దీనికి గుర్తులు. ఈ గుర్తులు కనిపించడానికి రెండు మూడు వారాల ముందే గుడ్ల అరలు సిద్ధం కావాలి.

నాలుగైదు పెట్టలకు ఒక అర చాలును. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగుకు కొంచెం మించిన ఎత్తు ఉంటే సరిపోతుంది. పాత పండ్ల పెట్టె కూడా పనికి వస్తుంది. గడ్డి జారిపోకుండా ముందు వైపు నాలుగు అంగుళాల అడ్డుపట్టీ వేయాలి. అడుగున పొడి వరిగడ్డి లేదా ఊక పరిచి, తడిసిన వెంటనే మార్చాలి. అరను వెలుతురు, సందడి తక్కువగా ఉన్న చోట ఉంచాలి. రాత్రి కోళ్ళు పడుకునే కర్ర అరకంటె ఎత్తులో ఉండాలి. లేకుంటే అవి అరలోనే పడుకొని రెట్టతో పాడుచేస్తాయి.

అరలో ఒక కొయ్య గుడ్డు లేదా సుద్ద గుడ్డు ఉంచితే పెట్ట ఆ చోటును నమ్ముతుంది. గుడ్లు ఎక్కువగా ఉదయం పూటనే పడతాయి. అందువలన మొదటి రెండు మూడు వారాలు కోళ్ళను పది గంటల వరకు బయటికి వదలకుండా ఉంచడం మేలు. లోపల నీరు, మేత ఉండాలి. నేలపై కూర్చోబోయే పెట్టను మెల్లగా ఎత్తి అరలో కూర్చోబెట్టాలి. చీకటి మూలలను మూసివేయాలి. గుడ్లను రోజుకు రెండుసార్లు ఏరాలి. పొదుగుకు కూర్చున్న పెట్టను వేరే గంపకు మార్చకపోతే మిగిలినవి మళ్ళీ గడ్డివామును ఆశ్రయిస్తాయి. గుడ్డుకు వచ్చిన పెట్టలకు ఆల్చిప్పల పొడిని విడిగా మూకుడులో ఉంచితే పెంకు గట్టిపడి పగుళ్ళు తగ్గుతాయి.

ఇదంతా పెంపకందారుల పనే అయినా వర్తకులు చేయగలిగినది లేకపోలేదు. నిలకడగా సరుకు ఇచ్చే ఇళ్ళకు 30 గుడ్ల అట్టలు ఇచ్చి, ఏరిన తేదీని పెన్సిలుతో వేయించవచ్చు. అరలో పడిన శుభ్రమైన గుడ్లకు, బయట దొరికిన గుడ్లకు వేర్వేరు ధర కట్టవచ్చు. అన్నిటికీ ఒకే ధర ఇస్తున్నంత కాలం గుడ్లను వేరుచేయవలసిన అవసరం ఇంటివారికి కనిపించదు. పైన చెప్పిన లెక్క ప్రకారం తరుగు నూటికి 8 నుంచి 3కు తగ్గితే గుడ్డు అసలు 10 రూపాయల 31 పైసలకు దిగుతుంది. మిగిలిన 56 పైసలలో కొంత అమ్మినవారికి పంచి ఇచ్చినా వర్తకునికి లాభమే.