మాండొలిన్ మీద జిగ్ నడకలు

ముఖం కనబడకముందే నడకను బట్టి మనిషిని పోల్చుకోవటం లోకంలో ఉన్నదే. జాతుల సంగీతానికి కూడ ఈ మాట చెల్లుతుంది. స్వరాలు ఇంచుమించు అవే అయినా వాటిని నడిపించే కాలగతి దేశదేశానికీ వేరు. ఐర్లండు ప్రజల నృత్యగీతమైన జిగ్‌కు ఒక నడక ఉన్నది. బల్గేరియా పల్లెల నృత్యాలకు మరొక నడక ఉన్నది. వీటిని మాండొలిన్ మీద పలికించటానికి పూనుకొన్న అభ్యాసికి ఎదురయ్యే అసలు చిక్కు ఎడమచేతి వ్రేళ్లలో లేదు. కుడిచేతి మణికట్టులో ఉన్నది.

మాండొలిన్ ఇటలీలోని నేపుల్స్ నగరంలో 18వ శతాబ్దిలో రూపుదిద్దుకొన్న వాద్యం. ఎనిమిది తంత్రులు జంటలు జంటలుగా నాలుగు శ్రుతులలో ఉంటవి. ఆ నాలుగూ ఫిడేలు శ్రుతులే. అందువల్ల ఫిడేలు మీద పెరిగిన ఐరిష్ నృత్యగీతాలు దీనిమీద సులువుగా అమరుతవి. కాని ఫిడేలుకు కమాను ఉన్నది. ఒక్క లాగుడులో మూడు నాలుగు స్వరాలను కలిపి పలికించవచ్చును. మాండొలిన్ నాదమో, మీటిన కొద్దిసేపటికే సన్నగిల్లిపోతుంది. ప్రతి స్వరాన్నీ ప్లెక్ట్రం అనే చిన్న బిళ్లతో విడిగా మీటవలసి వస్తుంది. కనుక నడకలో లోపముంటే దాగటానికి చోటు లేదు.

జిగ్‌లో ఒక ఆవృత్తానికి ఆరు చిన్న కాలాంశలు. అవి మూడేసి చొప్పున రెండు గుంపులు. తెలుగువారి నోట అది "తకిట తకిట". చేతికి సహజమైన అలవాటు ఒకసారి క్రిందికి, మరొకసారి పైకి మీటటం. ఆ ప్రకారం పోతే మొదటి "తకిట" క్రింది మీటుతో, రెండవ "తకిట" పై మీటుతో ఆరంభమవుతుంది. క్రింది మీటుకు బరువు సహజం; పై మీటు తేలిక. ఆ కారణంగా రెండవ గుంపు తల వాల్చినట్లు వినబడి, నృత్యగీతం కుంటుతుంది. దీనికి విరుగుడుగా ఎందరో వాదకులు ప్రతి గుంపునూ క్రిందికి, పైకి, క్రిందికి అనే వరుసలో మీటుతారు. గుంపుకూ గుంపుకూ నడుమ రెండు క్రింది మీటులు వెంటవెంట పడటమే ఇందులోని కష్టం. చేయి మెరుపులా పైకి వచ్చి మళ్లీ దిగాలి. మీటు వరుసగా మార్చుతూనే బరువును సవరించుకొనే నిపుణులూ లేకపోలేదు. కాని నేర్చుకొనేవానికి మొదటి పద్ధతి నడకను మణికట్టుకే అప్పగిస్తుంది.

పుస్తకం చూసి వాయిస్తే చాలదా అన్న ప్రశ్న రావచ్చును. ఐర్లండులో పుట్టి అమెరికాలోని చికాగో నగరానికి పోలీసు అధిపతి అయిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో 1850 ఐరిష్ గీతాలను సంపుటంగా ప్రచురించాడు. అటువంటి సంపుటాలలో జిగ్ స్వరాలు మూడూ సమానమైన కాలంతో అచ్చయి ఉంటవి. వాదకుని చేతిలో మాత్రం మొదటి స్వరం రవంత సాగుతుంది; మూడవది తరువాతి గుంపును ముందుకు నెట్టుతుంది. ఎంత సాగాలో ఏ కాగితమూ చెప్పదు. నృత్యం చేసేవారి పాదాలే దానికి ప్రమాణం.

ఇక విషమగతుల సంగతి. స్లిప్ జిగ్ అనే ఐరిష్ నృత్యగీతానికి ఆవృత్తంలో తొమ్మిది అంశలు, మూడు "తకిట"లు. అమెరికన్ జాజ్ పియానో విద్వాంసుడు డేవ్ బ్రూబెక్ 1958లో ఇస్తాంబుల్ వీధులలో విన్న లయ కూడ తొమ్మిదే. కాని అక్కడ అది 2, 2, 2, 3గా నడిచింది. అంటే "తక తక తక తకిట". దాని ఆధారంగా రూపొందిన "బ్లూ రోండో ఆ లా టర్క్" 1959లో వెలువడి ప్రసిద్ధికెక్కింది. లెక్కకు రెండూ తొమ్మిదే. నడకకు రెండూ ఒకటి కావు. మొత్తం ఎంత అన్నది కాదు, ఎలా విడిపోయింది అన్నదే లయకు ప్రాణం.

బల్గేరియాలో ఇటువంటివి అనేకం. పైదుష్కో నృత్యానికి 2, 3. రాచెనిత్సాకు 2, 2, 3. కోపనిత్సాకు 2, 2, 3, 2, 2. హంగరీ స్వరకర్త బేలా బార్టోక్ తన "మైక్రోకాస్మోస్" గ్రంథం చివర ఆరు నృత్యాలను బల్గేరియన్ లయలలోనే రచించాడు. ఆ పల్లెల నర్తకులు ఏడో పదకొండో లెక్కపెట్టరు. ఆ వేగంలో లెక్క సాగదు. వారికి తెలిసినవి రెండే అడుగులు: ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది.

ఇక్కడే అభ్యాసి తరచు జారిపడతాడు. సమగతికి అలవాటుపడిన చెవి రాచెనిత్సాలోని చివరి మూడును తెలియకుండ నాలుగు చేస్తుంది. ఏడు ఎనిమిదవుతుంది. పాట సాఫీగా వినబడుతుంది. కాని అది రాచెనిత్సా కాదు. పరదేశపు అతిథి పేరును నోటికి వీలుగా మార్చి పిలవటం వంటిదే ఇదీ. పిలిచేవానికి సుఖం; పేరు మాత్రం ఆ అతిథిది కాదు.

ఈ రెండు నడకలూ ఒక్క చేతిలో కలవటానికి ఐరిష్ వాదకుడు ఆండీ అర్విన్ నిదర్శనం. 1968లో ఐర్లండు విడిచి తూర్పు ఐరోపా దేశాలలో తిరిగిన ఈ మాండొలిన్ వాదకుడు అక్కడి లయలను వెంట తెచ్చుకొన్నాడు. 1972లో ఏర్పడిన ప్లాంక్స్టీ బృందంలో ఆయన ఒకడు. ఆ బృందం 1974లో వెలువరించిన సంపుటిలో ఐరిష్ గీతాల సరసన ఒక బల్గేరియన్ నృత్యగీతం చేరింది. జిగ్‌లోని "తకిట" చేతికి పట్టుబడినవానికి అందులో కొత్తగా నేర్వవలసినది "తక" ఒక్కటే. ప్రతి గుంపూ క్రింది మీటుతో ఆరంభమైతే ఏడైనా పదకొండైనా ఆ రెండు గుంపుల కూర్పే.

తెలుగు అభ్యాసికి ఈ విద్యలో ఒక సౌలభ్యం ఉన్నది. మిశ్రచాపు నడక 3, 4. ఖండచాపు నడక 2, 3. 1910 నాటి గురజాడ ముత్యాలసరాలను చదివిన నాలుకకు ఏడు మాత్రల నడక కొత్త కాదు. మాండొలిన్ కూడ ఆ తాళాలకు కొత్త కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, గమకాలకు అడ్డువచ్చే జంటతంత్రులను వదలి, అయిదు ఒంటి తంత్రుల విద్యుత్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని లోకానికి వినిపించాడు. 2014లో ఆయన కన్నుమూసేనాటికి ఆ వాద్యం కచేరీ వేదిక మీద స్థిరపడింది. అయితే మాత్రల లెక్క కలిసినంత మాత్రాన నడక కలవదు. మాసిడోనియా వారి లెస్నోటో 3, 2, 2గా సాగినా, దానిలోని ఒదుగు మిశ్రచాపులోని ఒదుగు కాదు. తెలిసిన ఏడు తలుపు తీస్తుంది; లోపలి ఇల్లు మాత్రం వినికిడితోనే పరిచయమవుతుంది.

అందుచేత సాధన చిన్నగా మొదలుకావాలి. ఎడమచేతిని ప్రక్కన ఉంచి, ఒక్క తంత్రిజంట మీద, నోటితో "తక తక తకిట" అంటూ, ప్రతి గుంపు మొదట పాదం తాటించాలి. పాదం మూడు దెబ్బలు వేస్తుంది. మూడవది మాత్రం కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. కొన్ని దినాలకు నోరు ఆగిపోయినా పాదం తప్పదు. ఆనాడు ఎడమచేతిని మెట్ల మీదికి తేవచ్చును. అప్పటికి ఆ లయను విషమమని పిలవాలన్న తలంపే అభ్యాసికి కలగదు.