వానాకాలపు లఫీట్

కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. తుత్తాన్ని ఒక ప్లాస్టిక్ తొట్టిలో, సున్నాన్ని ఇంకో తొట్టిలో విడివిడిగా కరిగించి, తుత్తపు నీళ్లను సున్నపు నీళ్లలోకి సన్నగా పోస్తూ కర్రతో కలపాలి. అటుది ఇటు కాకూడదు. ఇనప పాత్ర అసలే వాడకూడదు. కలిపాక కొడవలి మొన ముంచి చూస్తారు. దాని మీద ఎర్రటి పూత పడితే ఇంకాస్త సున్నపు తేట పోస్తారు. ఆ రోజు కలిపింది ఆ రోజే కొట్టేయాలి.

కోనసీమ కొబ్బరికి మొవ్వు కుళ్లు వచ్చినా, నల్గొండ బత్తాయి మొదలు బంక కారినా, తమలపాకు తీగ ఎండినా మన రైతు చేతికి మొదట వచ్చే మందు ఇదే, బోర్డో మిశ్రమం. అండమాన్‌లో ఏటా 3,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. అక్కడ వక్క గెలలకు కాయకుళ్లు పట్టకుండా కాపాడేదీ ఇదే. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. అక్కడి మిన్నీ బేలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు నైరుతి ఎంతసేపు కురుస్తుందో, తడి ఆరని ఆకు మీద తెగులు ఎంత తొందరగా పాకుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ మందు పుట్టిన బోర్డో ప్రాంతంలోనే ప్రపంచంలోకెల్లా పేరున్న ఎర్ర ద్రాక్షసారాయాల్లో ఒకటైన లఫీట్ పుడుతుంది. దాని 2024 పంట కథ మొదటినుంచి చివరిదాకా వాన కథే.

ఫ్రాన్స్ నైరుతి మూలన, జిరోంద్ నదీముఖం ఎడమ గట్టున మెదోక్ అనే నాలుక లాంటి నేల ఉంది. అందులో పోయాక్ అనే చిన్న ఊరు. షాతో లఫీట్ రోత్‌షీల్డ్ తోటలు ఆ ఊరి ఉత్తరపు అంచున గులకరాళ్ల మిట్టల మీద ఉన్నాయి. సుమారు 110 హెక్టార్లు, అందులో ఎక్కువ భాగం కాబర్నే సోవిన్యోన్ రకం. 1855లో మూడో నెపోలియన్ పారిస్ ప్రదర్శన కోసం బోర్డో వైన్లకు అంతస్తులు కట్టమన్నప్పుడు పై వరుసలో చోటు దక్కించుకున్న వాటిలో లఫీట్ ఒకటి. 1868లో జేమ్స్ రోత్‌షీల్డ్ దాన్ని వేలంలో కొన్నాడు. 2018 నుంచి ఆ కుటుంబపు ఆరో తరానికి చెందిన సాస్కియా ద రోత్‌షీల్డ్ పెత్తనం చూస్తున్నారు. 1855 నాటి అంతస్తులు నూట డెబ్బై ఏళ్లలో కదిలింది దాదాపు ఒక్కసారే. పొరుగున ఉన్న మూతోన్ రోత్‌షీల్డ్ 1973లో రెండో వరుసనుంచి మొదటి వరుసకి ఎక్కింది. ప్రతి ఏటి సీసా మీద ఒక చిత్రకారుడి బొమ్మ వేయించే మూతోన్, 2009 పంటకి ముంబైలో పుట్టిన అనీష్ కపూర్ చేత వేయించింది.

అంతస్తు మారదు గాని పంట ఏటా మారుతుంది. లఫీట్ సీసా మీద పేరు కన్నా ముందు కొనేవాళ్లు చూసేది సంవత్సరం అంకె. అదే తోట, అవే తీగలు, అవే పీపాలు అయినా 2022కీ 2024కీ రుచిలో, ధరలో, నిల్వ ఉండే కాలంలో పోలిక లేదు. 2022 ఎండల ఏడాది. ఆ జూలైలో బోర్డోకి దక్షిణాన లా తెస్త్, లాందిరాస్ దగ్గర పైన్ అడవులు రోజుల తరబడి కాలాయి. నీళ్లందక కాయలు చిన్నవై, తోలు మందమై, రసం చిక్కబడింది. ఆ వైన్‌ని విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు. లఫీట్ దానికి వర్తకులకు చెప్పిన మొదటి ధర సీసాకి 580 యూరోలు.

2024కి అంతా తిరగబడింది.

2023 శరదృతువులో మొదలైన వానలు చలికాలమంతా, వసంతమంతా పట్టు విడవలేదు. తీగ చిగురించేనాటికే నేల నానిపోయి ఉంది. ట్రాక్టరు దిగితే చక్రాలు కూరుకుపోతున్నాయి. మందు కొట్టాలంటే తోటలోకి వెళ్లాలి, వెళ్లాలంటే నేల ఆరాలి, ఆరకముందే మళ్లీ వాన. జూన్‌లో పూత సమయానికి చల్లటి ముసురు పట్టింది. చాలా పూత రాలిపోయింది. నిలిచిన చోట ఒకే గుత్తిలో బఠాణీ గింజంత కాయా, రేగుపండంత కాయా పక్కపక్కన తయారయ్యాయి. జూలై, ఆగస్టుల్లో కాస్త ఎండ కాసి ఊపిరి పోసింది. సెప్టెంబరులో మళ్లీ మబ్బు. బోర్డోలో రైతులు పొద్దున లేచి ఆకాశం చూసి ఇవాళ కోయాలా, ఇంకో నాలుగు రోజులు ఆగాలా అని మథనపడ్డారు. ఆగితే కాయ పండుతుంది. ఆగితే కుళ్లుతుంది కూడా.

వీటన్నిటి మధ్య బూజు తెగులు. ఆకు కింద తెల్లటి నూగులా కనబడి, లేత గుత్తిని గోధుమరంగు తోలుముక్కలా మార్చే ఈ తెగులు యూరప్‌ది కాదు. తీగల్ని చంపే పేనును తట్టుకోగల అమెరికా మొక్కల్ని తెప్పించుకున్నప్పుడు వాటితో పాటు వచ్చి, 1878లో ఫ్రాన్స్‌లో కనబడింది. నాలుగేళ్ల తర్వాత, 1882లో, బోర్డో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పే పియెర్ మియార్దే లఫీట్‌కి కొద్ది దూరంలో ఉన్న సేన్ జూలియాన్ గ్రామం మీదుగా పోతున్నాడు. తోటలన్నీ ఆకు రాలి మోడులై ఉన్నాయి. బాట అంచు వరుసలు మాత్రం పచ్చగా నిలిచి ఉన్నాయి. దారిన పోయేవాళ్లు కాయలు తెంపకుండా, విషం చల్లినట్టు కనబడాలని తోట మనుషులు ఆ వరుసల మీద మైలుతుత్తం, సున్నం కలిపి నీలంగా పూశారు. దొంగల్ని బెదిరించడానికి పూసింది తెగులును ఆపింది. మియార్దే, రసాయన శాస్త్రవేత్త ఉలిస్ గాయోన్ తోడుగా ప్రయోగాలు చేసి 1885లో పాళ్లు ప్రకటించాడు. ఆ మొదటి మందు ఇవాళ్టి ఒక శాతం మిశ్రమం కన్నా ఎన్నో రెట్లు చిక్కన.

అక్కణ్నుంచి అది మన దేశానికి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. మైసూరు సంస్థానంలో పనిచేసిన లెస్లీ కోల్‌మన్ 1910 నాటికి వక్క తోటల కొళెరోగానికి, అంటే కాయకుళ్లుకి, ఈ మిశ్రమాన్నే మందుగా చూపాడు. అంతకు కాస్త ముందు గోదావరి డెల్టాలో తాటిచెట్లు మొవ్వు కుళ్లి వరసగా పడిపోతుంటే ఇ.జె. బట్లర్ అనే శాస్త్రవేత్త ఆ తెగులు జీవిని గుర్తించి 1907లో దానికి పేరు పెట్టాడు. కల్లిచ్చే గోదావరి తాడిని చంపినదీ, లఫీట్ ద్రాక్షను చంపేదీ ఒకే తెగకు చెందిన జీవులు. రెండూ తడిలో ఈదుతూ పాకేవే. మెదోక్ రైతు వానను చూసి పడే భయాన్ని అర్థం చేసుకోవడానికి తెలుగు పాఠకుడు వైన్ తాగి ఉండాల్సిన పని లేదు.

2024లో ఆ భయం పతాకస్థాయికి చేరింది. సేంద్రియ సాగులోకి మారిన తోటలకు రాగి మందు తప్ప వేరే గట్టి ఆధారం లేదు. ఆ రాగినీ యూరప్ చట్టం ఏడేళ్లకు కలిపి హెక్టారుకు 28 కిలోలకు కట్టడి చేసింది. పైగా రాగి ఆకు లోపలికి ఇంకదు, పైనే అంటుకుని ఉంటుంది. గట్టి వాన ఒక్కటి పడితే కడిగేసుకు పోతుంది, మళ్లీ కొట్టాలి. ఇలాంటి తడి ఏడాది ఏం చేయగలదో 2018లోనే మార్గో దగ్గరి షాతో పాల్మేర్ చూపించింది. కృత్రిమ రసాయనాలు ముట్టని ఆ తోటలో హెక్టారుకు 11 హెక్టోలీటర్లే దిగుబడి వచ్చింది. మామూలుగా వచ్చేదానిలో మూడో వంతు కూడా కాదు. అయినా వాళ్లు పద్ధతి మార్చుకోలేదు. ఆ పట్టుదలకు గౌరవం ఇవ్వాల్సిందే.

కోత అయ్యాక అసలు పని మొదలైంది. పండినదీ పండనిదీ ఒకే గుత్తిలో ఉంటే ఏరడం ఎలా? చాలా షాతోల్లో (వైన్ ఎస్టేట్లలో) కాయల్ని చక్కెర నీళ్ల తొట్టిలో వదిలారు. బాగా పండి తీపెక్కిన కాయ బరువుకి మునుగుతుంది, పచ్చికాయ తేలుతుంది. మన రైతు విత్తనపు వడ్లను ఉప్పు నీళ్లలో పోసి తాలు తీసేసినట్టే. నీళ్ల సాంద్రతను కొద్దికొద్దిగా మారుస్తూ, తేలినదాన్ని తోడేస్తూ, మునిగినదాన్నే పులియబెట్టే తొట్టికి పంపారు. దీనికి కూలీ ఎక్కువ, కాలం ఎక్కువ, మిగిలే రసం తక్కువ. బోర్డో మొత్తం మీద ఆ ఏడాది దిగుబడి సుమారు 33 లక్షల హెక్టోలీటర్లకు పడిపోయింది. 1991లో మంచు కొట్టినప్పటి తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేదు.

అలా ఏరి తీసిన రసం వైన్‌గా మారి 225 లీటర్ల ఓక్ పీపాల్లోకి చేరింది. ఒక్కో పీపాకి మూడు వందల సీసాలు. లఫీట్‌కి పోయాక్‌లో సొంత పీపాల కార్ఖానా ఉంది. పీపాల్లో ఏడాదిన్నర పైచిలుకు ఉంచి, మధ్యమధ్య మడ్డి అడుగున వదిలేసి పైతేటను వేరే పీపాలోకి మారుస్తారు. పాతకాలపు పద్ధతి పాటించేచోట ఇప్పటికీ కొవ్వొత్తి వెలుగులో గ్లాసు పట్టి, ధారలో మబ్బు కనబడగానే ఆపేస్తారు. చివర్లో పీపాకి అయిదారు కోడిగుడ్ల తెల్లసొన గిలకొట్టి పోస్తారు. కరుకు వగరును అది పట్టుకుని అడుక్కి దిగుతుంది. మిగిలిన పచ్చసొనలతోనే బోర్డో వాళ్ల కనెలే అనే చిన్న కేకులు పుట్టాయని అక్కడ చెప్పుకుంటారు.

మరి 2024 రుచి? 2022లో ఆల్కహాలు 14 శాతం దాటిన చోట్ల 2024లో 13 దగ్గర ఆగింది. పులుపు స్పష్టంగా, ఒళ్లు పలచగా, పాతికేళ్ల కిందటి మెదోక్‌ను గుర్తుచేసేలా ఉందని రుచి చూసినవాళ్లలో చాలామంది అన్నారు. దీన్ని తక్కువ పంట అని కొట్టిపారేయడం తొందరపాటు. ఎండకు మగ్గి జామ్‌లా చిక్కబడిన వైన్లే గొప్పవన్న రుచి ఒక తరం విమర్శకులు అలవాటు చేసింది. ఏడాది ఎలా గడిచిందో దాచకుండా చెప్పే వైన్‌కి దానిదైన విలువ ఉంది.

సంత మాత్రం అలా అనుకోలేదు. బోర్డోలో పెద్ద షాతోలు పంటను ఆరు నెలల పసి వయసులోనే, పీపాలో ఉండగానే అమ్మకానికి పెడతాయి. ఏప్రిల్‌లో విమర్శకులు వచ్చి చప్పరించి వందకు మార్కులేస్తారు. షాతో ధర చెబుతుంది. వర్తకులు డబ్బు కట్టేస్తారు. సీసా చేతికొచ్చేది రెండేళ్ల తర్వాత. షాతో లతూర్ 2012లోనే ఈ పద్ధతికి దండం పెట్టి బయటికి వచ్చేసింది, మిగతావాళ్లలో చాలామంది కొనసాగిస్తున్నారు. 2025 ఏప్రిల్ చివర్లో లఫీట్ తన 2024 ధర చెప్పింది. సీసాకి 288 యూరోలు, అప్పటి మారకంలో రమారమి 28 వేల రూపాయలు. 2023 పంట ధర 396. రెండేళ్లలో సగానికి సగం దిగింది. 2010లో ఇదే లఫీట్ 2008 సీసాల మీద చైనా లిపిలో ఎనిమిది అంకె చెక్కిస్తున్నట్టు చెబితే ధరలు రాత్రికి రాత్రి ఎగిరాయి. 2025 నాటికి చైనాలో గిరాకీ చల్లబడింది. 2025 వసంతంలో అమెరికా సుంకాల భయం ఒకటి తోడైంది.

మన దేశంలో ఆ ధర ఎవరికీ చేరువ కాలేదు. దిగుమతి వైన్ మీద ఏళ్ల తరబడి 150 శాతం సుంకం, ఆపైన రాష్ట్రాల పన్నులు. అయినా ద్రాక్ష మనకి కొత్త పంట కాదు. 1660లలో గోల్కొండ రాజ్యం మీదుగా మచిలీపట్నం వెళ్లిన ఫ్రెంచి యాత్రికుడు జాఁ ద తెవెనో ఇక్కడ ద్రాక్ష జనవరి నుంచి పండుతుందనీ, దాంతో తెల్ల వైన్ చేస్తారనీ రాసుకున్నాడు. తర్వాతి కాలంలో హైదరాబాద్ చుట్టూ అనాబెషాహీ తోటలు దశాబ్దాల పాటు కళకళలాడాయి. నగరం పెరిగి వాటిని మింగేసింది. ఇక్కడి తీగకి చలికాలపు నిద్ర ఉండదు. ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, రైతే దానికి కాలం నిర్ణయిస్తాడు. బోర్డోలో ఆ నిర్ణయం వాతావరణానిది. సీసా మీద అంకెకి అక్కడ అంత బరువు అందుకే.

ఆ బరువు ఎవరి భుజాల మీద పడుతోందన్నది అడగాల్సిన ప్రశ్న. లఫీట్ ధర సగమైనా లఫీట్ నిలుస్తుంది. బోర్డోలో వేల మంది రైతులు పేరు లేని ఎర్ర వైన్‌ని టోకున లీటరు ఒక యూరో అటూ ఇటూగా అమ్ముకుంటారు. వాళ్ల తోటల్లోనూ అదే వాన, అదే బూజు. మందు కొట్టిన ఖర్చూ అంతే. ఫ్రెంచివాళ్లు 1960లలో తలకి ఏటా నూరు లీటర్ల పైన తాగిన వైన్ ఇప్పుడు సగం కన్నా తగ్గింది, అందులోనూ ఎక్కువగా తగ్గింది ఎర్రదే. అమ్ముడుపోని పంటను పండించి లాభం లేదని, తోటలు పీకేసేవాళ్లకు హెక్టారుకి 6,000 యూరోలిచ్చే పథకాన్ని ప్రభుత్వం, బోర్డో వైన్ మండలి కలిసి 2023లో తెచ్చాయి. వేలాది హెక్టార్లు ఆ లెక్కలో పోయాయి. డబ్బు తీసుకున్న రైతు ఆ నేలను చెట్లకు వదలాలి, లేదా వేరే పంట వేయాలి. కొందరు ఆలివ్ నాటుతున్నారు, అది కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. అటు 2024 లఫీట్ సీసాలు కొన్నవాళ్ల ఇళ్లకు చేరేది 2027లో.