ఓడిన యుద్ధం... గెలిచిన నాటకం!

చరిత్రలో ఓడిన వీరులను రంగస్థలం మీద గెలిపించుకోవడం చైనావాళ్లకీ తెలుసు, మనకీ తెలుసు. పేర్లే వేరు... ఆరాటం ఒక్కటే!

దుగ్గిరాల అనగానే పసుపు యార్డు గుర్తొస్తుంది. కానీ ఆ చుట్టుపక్కల తెనాలి, బాపట్ల, రేపల్లె దాకా అంతా నాటకాల సీమ కూడా. పద్యం నచ్చితే 'వన్స్‌మోర్' అంటూ కేకలేసి మళ్లీ పాడించుకున్న జనం వాళ్లు. అలాంటి ప్రేక్షకులకు ఈ చైనా కథ నచ్చి తీరుతుంది.

నూరేళ్లు నిండిన ముసలమ్మ. పేరు షె తాయ్‌జున్. భర్త, కొడుకులు ఒకరి తర్వాత ఒకరు సరిహద్దు యుద్ధాల్లో నేలకొరిగారు. చివరికి మనవడూ పోయాడు. రాజుగారి కొలువులో కొందరు సంధి చేసుకుందామంటున్నారు. ముసలమ్మ ఒప్పుకోలేదు. ఇంట్లో మిగిలిన కోడళ్లనూ మనవరాళ్లనూ వెంటబెట్టుకుని తానే సేనానిగా బయల్దేరింది. అందరిలోకీ మేటి మనవడి భార్య మూ గుయ్‌యింగ్. ఉత్తరాది ఖితాన్ సైన్యం పన్నిన మహావ్యూహాన్ని ఛేదించిన వీరవనితగా చైనా నాటకాల్లో ఆమెకు తిరుగులేదు. ఇదీ యాంగ్ కుటుంబ వీరగాథ!

గోడంతా మంచు!

మరి చరిత్రలో ఏం జరిగింది? యాంగ్ యె నిజంగానే సాంగ్ వంశపు సేనాని. 986లో ఖితాన్లతో యుద్ధంలో, అండగా ఉంటామన్న దళాలు ముందే వెళ్లిపోయాయి. గాయాలతో శత్రువుకు చిక్కిన ఆయన మూడు రోజులు అన్నం ముట్టకుండా ప్రాణం విడిచాడు.

ఆయన కొడుకు యాంగ్ యాన్‌జావో కథ మరీ ఆసక్తికరం. 999 చలికాలంలో ఒక చిన్న కోటను ఖితాన్లు ముట్టడించారు. ఆయన రాత్రికి రాత్రే కోటగోడల మీద నీళ్లు పోయించాడు. తెల్లారేసరికి గోడంతా గడ్డకట్టింది. పట్టు దొరకక శత్రువు వెనుదిరిగాడు!

అయితే మూ గుయ్‌యింగ్ అనే ఆవిడ మాత్రం అధికారిక చరిత్రల్లో ఎక్కడా కనిపించదు. 1127లో సాంగ్ రాజధాని ఉత్తరాది జుర్చెన్ల పాలైంది. 1279లో మంగోలుల చేతిలో ఆ వంశమే ముగిసింది. నిజంలో దక్కని గెలుపును జనం కథలో దక్కించుకున్నారు.

పిచ్చివాడి శపథం

మనమేం తక్కువ తిన్నామా? వేదం వెంకటరాయశాస్త్రి 1897లో 'ప్రతాపరుద్రీయం' రాశారు. ఓరుగల్లు ప్రభువు ప్రతాపరుద్రుణ్ని ఢిల్లీ సైన్యం బంధించి తీసుకుపోతుంది. మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ చేరతాడు. సుల్తానునే పట్టుకుపోతానని వీధుల్లో అరుస్తూ తిరుగుతాడు. పిచ్చివాడి మాటలేగా అని ఎవరూ పట్టించుకోరు. ఆ పిచ్చివాడే అన్నమాట నెగ్గించుకుంటాడు! రాజు పోలికలున్న చాకలి పేరిగాడు ఇందులో మరో మరపురాని పాత్ర. పండితుడి భాష పండితుడిది, పేరిగాడి యాస పేరిగాడిది. గ్రాంథికమే రాజ్యమేలుతున్న రోజుల్లో అదో సాహసం.

చరిత్ర ఇంత తీయగా లేదు. 1303లో వచ్చిన ఢిల్లీ సేన ఉత్తచేతులతో తిరిగెళ్లింది. 1310లో మాలిక్ కాఫూర్ కప్పం పట్టుకెళ్లాడు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. బందీగా వెళుతున్న ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలో కన్నుమూశాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస శాసనం చెబుతోంది. ఏ యుగంధరుడూ ఆయన్ని వెనక్కి తేలేదు. ఆ తర్వాత ఒకటిన్నర దశాబ్దం తిరక్కుండానే కాపయ నాయకుడు ఓరుగల్లును విడిపించాడు. ఈ అసలు గెలుపు మాత్రం యుగంధరుడి గెలుపంత పేరు తెచ్చుకోలేదు.

మన రాణి నిజం

ఒక్క విషయంలో మనది పైచేయి. చైనావాళ్లు వీరవనితను కల్పించుకున్నారు. మనకు రుద్రమదేవి నిజంగానే ఉంది. చైనాలో మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ కొలువులో పనిచేసి తిరుగు ప్రయాణమైన మార్కోపోలో, బాపట్ల తీరంలోని మోటుపల్లి రేవు పేరుతో ఈ రాజ్యాన్ని వర్ణించాడు. ఇక్కడి రాణి న్యాయంగా పాలించిందని మెచ్చుకున్నాడు. గణపతిదేవుడి కూతుర్ని ఆయన భార్య అనుకోవడమే పొరపాటు!

చైనా రంగస్థలానికీ మన సీమకూ ఇంకో పోలిక ఉంది. 1959లో మూ గుయ్‌యింగ్‌గా వేదికెక్కి జేజేలందుకున్న మెయ్ లాన్‌ఫాంగ్ మగవాడు. అప్పటికి వయసు అరవై దాటింది. ఇక్కడ బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాల్లో వెలిగిన స్థానం నరసింహారావు కూడా స్త్రీ పాత్రలకే పెట్టింది పేరు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు.

ఓడిపోయామన్న బాధను తాతలు తమతోనే పోనివ్వలేదు. నాటకం కట్టి మనవలకు అప్పగించారు. పిల్లలకు యుగంధరుడి కథ చెప్పండి. వాళ్లు చప్పట్లు కొట్టాక నర్మద ఒడ్డు కథా చెప్పండి. కాపయ నాయకుణ్నీ మరచిపోకండి. మూడూ వింటేనే వాళ్లకు మన కథ పూర్తిగా తెలుస్తుంది.