సింహరాశి ఉల్కలు: ఫజర్‌కు ముందు ఒక గంట

చిన్నప్పుడు ఆకాశంలో చుక్క రాలితే మా నానీ చేతిలో పని ఆపి, "ఎక్కడో ఎవరో పెద్దమనిషి పోయారు" అనేవారు. నిజానికి రాలేది చుక్క కాదు, ఇసుక రేణువంత ధూళి. అది అమిత వేగంతో మన గాలి పొరలోకి దూసుకొచ్చి, దాదాపు 100 కిలోమీటర్ల ఎత్తున వెలిగి ఆరిపోతుంది. అదే ఉల్క.

ఏటా నవంబర్ 17, 18 తేదీల ప్రాంతంలో సింహరాశి వైపు నుంచి వస్తున్నట్టు కొన్ని ఉల్కలు కనిపిస్తాయి. వీటినే లియోనిడ్స్ అంటారు. టెంపెల్-టటిల్ అనే తోకచుక్క సుమారు 33 ఏళ్ళకోసారి సూర్యుణ్ణి చుట్టి వెళ్తుంది. అది దారిలో వదిలిన ధూళిలోంచి భూమి ఏటా సాగిపోతుంది. ఈ ఉల్కల వేగం సెకనుకు సుమారు 71 కిలోమీటర్లు. మామూలు ఏడాదిలో ఇది పలుచని జల్లే. మంచి చీకటిలో కూడా గంటకు 10-15కు మించవు. ధూళి దట్టంగా తగిలిన ఏడాది మాత్రం కథ వేరు. 1833లో అమెరికాలో, 2001లో తూర్పు ఆసియాలో గంటకు వేల సంఖ్యలో కనిపించాయి.

రాసిపెట్టిన వారి పుణ్యం

హిజ్రీ 289, అంటే క్రీ.శ. 902 అక్టోబర్‌లో ఉత్తర ఆఫ్రికా పాలకుడు ఇబ్రాహీం బిన్ అహ్మద్ మరణించాడు. ఆ రోజుల్లోనే ఆకాశం నుంచి చుక్కలు వానలా రాలాయని అరబ్బు చరిత్రకారులు రాశారు. ఆ ఏడాదికి 'నక్షత్రాల సంవత్సరం' అనే పేరు మిగిలింది. చావుకూ చుక్కకూ ముడిపెట్టడం మా నానీతో మొదలైనది కాదన్నమాట. ప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టినప్పుడూ జనం అలాగే అనుకున్నారు. ఎవరి చావు పుట్టుకల వల్లా గ్రహణం పట్టదని ఆయన వారిని సరిదిద్దారు.

ఊహ తప్పయినా, రాసిన తేదీ వృథా కాలేదు. 1864లో అమెరికాకు చెందిన హ్యూబర్ట్ న్యూటన్ 902 నాటి వివరంతో మొదలుపెట్టి పాత లెక్కలన్నీ వరుసలో పేర్చి చూశాడు. 1866లో ఉల్కల జల్లు మళ్ళీ పెద్దగా వస్తుందని చెప్పాడు. అలాగే వచ్చింది.

మన గోదావరి గట్టు మీద

దీనికి టెలిస్కోపు అక్కర్లేదు, బైనాక్యులర్ అసలే వద్దు. కళ్ళకు ఎంత ఎక్కువ ఆకాశం కనిపిస్తే అంత మంచిది.

సింహరాశి మనకు అర్ధరాత్రి దాటాక తూర్పున ఉదయిస్తుంది. కనుక తెల్లవారుజామున మూడు గంటల నుంచి ఫజర్ అజాన్ వరకు మంచి సమయం. తహజ్జుద్‌కు లేచేవారికి ఇది కొత్త వేళ కాదు. తూర్పున తిరగేసిన ప్రశ్నార్థకంలా, కొడవలిలా ఒక చుక్కల గుంపు ఉంటుంది. ఆ కొడవలి పిడి దగ్గర మెరిసేదే మన మఘ నక్షత్రం. అరబ్బులు దాన్ని 'ఖల్బుల్ అసద్', సింహపు గుండె, అన్నారు.

చంద్రుడి సంగతి హిజ్రీ క్యాలెండరే చెబుతుంది. ఆ రోజు నెల మొదటి వారంలోనో, చివరి రెండు మూడు రోజుల్లోనో పడితే చీకటి దొరుకుతుంది. నెల మధ్యలో పడితే సన్నని ఉల్కలను వెన్నెల మింగేస్తుంది.

రాజమండ్రి వీధి దీపాలకూ, భీమవరం వైపు చెరువుల లైట్లకూ దూరంగా వెళ్ళాలి. కోనసీమలో కొబ్బరి చెట్లు ఆకాశాన్ని కప్పేస్తాయి కనుక ఏటిగట్టో, సముద్రతీరమో మేలు. మంచు కురుస్తుంది, దుప్పటి ఉండాలి. కోతల కాలం, పురుగూపుట్రా తిరుగుతాయి. టార్చి, చెప్పులు, నలుగురు తోడు లేకుండా వెళ్ళవద్దు. తుపాను మబ్బు పట్టిందంటే ఆ ఏటికి ఇక లేనట్టే.

చాప పరిచి వెల్లకిలా పడుకోండి. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది. ఈలోగా సెల్‌ఫోన్ చూశారో, మళ్ళీ మొదటికే. గంటకు నాలుగైదు కనిపించినా సంతోషించాలి. వెనక్కి గీత గీస్తే కొడవలి దగ్గరికి చేరేవే లియోనిడ్స్. మిగతావి వేరుగా లెక్కించాలి.

చూసిన సమయం, సంఖ్య, మబ్బు ఎంత ఉందో పుస్తకంలో రాయండి. ఒక్కటీ కనిపించకపోతే సున్నా అని రాయండి. అదీ లెక్కే. అంతర్జాతీయ ఉల్కా సంస్థ ఇలాంటి ఔత్సాహికుల లెక్కలను ప్రపంచమంతటి నుంచి స్వీకరిస్తుంది.

తోకచుక్క 2031లో మళ్ళీ సూర్యుడి దగ్గరికి వస్తుంది. పెద్ద జల్లు వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. కానీ మీ విరాళాలతో నేడు బడికి వెళ్తున్న పిల్లలు అప్పటికి పెద్దవారై ఉంటారు. ఈ నవంబర్‌లో ఒక్క తెల్లవారుజామున వారిని గట్టు మీదికి తీసుకెళ్ళండి. కావలసింది ఒక చాప, ఒక నోటు పుస్తకం, కాస్త ఓపిక. కనిపించింది కనిపించినట్టు రాసే అలవాటు వారికి అబ్బితే, ఆ నిద్ర చెడిన రాత్రి వృథా కాదు.