వాహన గుర్తింపు సంఖ్య

వాహన గుర్తింపు సంఖ్య అనేది మోటారు వాహనానికి దాని తయారీదారు కేటాయించే 17 అక్షరాలు, అంకెలతో కూడిన సంకేతం. భారతదేశంలో దీనిని చాసిస్ నంబరు అనే ఎక్కువగా వ్యవహరిస్తారు. దీని నిర్మాణాన్ని ఐఎస్ఓ 3779 ప్రమాణం నిర్దేశిస్తుంది.

రిజిస్ట్రేషన్ నంబరుతో తేడా

ఈ రెంటినీ ఒకటిగా భావించరాదు. రాష్ట్ర విభజనకు పూర్వం వరంగల్లులో నమోదైన కార్లకు ఏపీ 36తో మొదలయ్యే నంబర్లు ఉండేవి. 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత టీఎస్ 03 వచ్చింది. 2024 మార్చి నుండి కొత్త వాహనాలకు టీఎస్ స్థానంలో టీజీ వాడుతున్నారు. ఈ నంబరు వాహనం ఎక్కడ నమోదైనదో మాత్రమే తెలుపుతుంది. వాహనం వేరొక రాష్ట్రంలో తిరిగి నమోదైతే ఇది మారిపోతుంది. చాసిస్ నంబరు లోహంపై చెక్కబడి ఉంటుంది కనుక వాహనం ఉన్నంత కాలం మారదు. దొంగిలించిన కారుకు వేరే నంబరు పలక తగిలించినా అసలు గుర్తు బయటపడేది దీనివలననే.

చదివే విధానం

మొదటి మూడు స్థానాలు తయారీదారును సూచిస్తాయి. ఎం-ఏ-3 మారుతీ సుజుకీకి, ఎం-ఏ-ఎల్ హ్యుందాయ్ భారతీయ శాఖకు, ఎం-ఏ-టి టాటా మోటార్స్‌కు చెందినవి. ఆంధ్రప్రదేశ్‌లోని పెనుకొండ వద్ద తయారయ్యే కియా కార్లకు ఎం-జడ్-బి ఉంటుంది. తరువాతి ఆరు స్థానాలు నమూనా, ఇంజను వంటి వివరాలకు, మిగిలిన ఎనిమిది ఆ ఒక్క వాహనాన్ని గుర్తించడానికి ఉద్దేశించినవి. 1, 0 అంకెలతో పొరపడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలను వాడరు.

పదవ స్థానం సాధారణంగా సంవత్సరాన్ని తెలుపుతుంది: 2010కి ఏ, 2018కి జె, 2020కి ఎల్, 2024కి ఆర్. ఈ వరుస 30 ఏళ్ళకొకసారి తిరిగి వస్తుంది కాబట్టి ఏ అంటే 1980 కూడా కావచ్చును. అయితే భారతీయ కంపెనీలన్నీ ఒకే స్థానాన్ని పాటించవు. డిసెంబరులో తయారై ఫిబ్రవరిలో అమ్ముడైన కారు రిజిస్ట్రేషన్‌ను బట్టి ఒక ఏడాది కొత్తదిగా కనిపిస్తుంది. పాత కారు ధర నిర్ణయించేటప్పుడు ఈ తేడా చిన్నది కాదు.

ఉత్తర అమెరికాలో తొమ్మిదవ స్థానం తనిఖీ అంకె. మిగిలిన స్థానాల విలువలను నిర్ణీత గుణకాలతో గుణించి, మొత్తాన్ని 11తో భాగిస్తే వచ్చే శేషమే ఇది. శేషం 10 అయితే ఎక్స్ వేస్తారు. భారతదేశంలో ఇది తప్పనిసరి కాదు. అందువలన ఇక్కడి కారు సంఖ్యను అమెరికా వెబ్‌సైటు చెల్లదని చూపినంత మాత్రాన మోసం జరిగినట్లు కాదు.

సరిచూసుకొనుట

కేంద్ర మోటారు వాహనాల నియమావళి (1989) 122వ నియమం చాసిస్, ఇంజను నంబర్లను చెక్కాలని నిర్దేశిస్తుంది. చెక్కే చోటు నమూనాను బట్టి మారుతుంది. బానెట్ కింద ఇంజను వెనుక గోడపై గాని, ముందు సీటు కింద గాని వెదకవచ్చును. ఆ సంఖ్య ఆర్.సి.లోని సంఖ్యతో అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి. చుట్టూ కొత్త వెల్డింగు, గీకిన గుర్తులు, ఎగుడుదిగుడు అక్షరాలు కనిపిస్తే రవాణా శాఖ కార్యాలయంలో విచారించకుండా బయానా ఇవ్వరాదు. ప్రభుత్వ వాహన్ సేవలో చాసిస్ నంబరులోని కొన్ని అక్షరాలు మరుగుపరచబడి ఉంటాయి కనుక, బానెట్ ఎత్తి చూడటం తప్పదు.